ముందు కట్టె, ఎనుక పేరు

మా ఊరి కావలికార్ తాత పోయిండని మొన్నీమధ్య ఒకనాడు పొద్దుగాల ఫోనొచ్చింది. నేను వనపర్తిల కోర్టుకు తయారై, నల్లకోటు చేతి మీద ఏసుకొని గడప దాటుతున్న. ఫోన్ల ఆయన కొడుకు, నాకు చిన్నాయిన వరస. "బిడ్డా, నాయిన పోయిండు. వదినెకు జర నువ్వే చెప్పు" అన్నడు. వదినె అంటె మా అమ్మ. తాత ఇంటికీ మా అమ్మ ఉండే ఇంటికీ నడుమ ఒక్క గల్లీనే. ఆ గల్లీ దాటి చెప్పనీకె ఆయనకు కాళ్లు రాలె. అందుకని ఇంత దూరంల ఉన్న నాతోని చెప్పిస్తుండు. నాకు కోపం రాలె. ఆ గల్లీ దాటుడు ఎంత కష్టమో మా రెండిండ్లోళ్లకు బాగ ఎరుక.

ఫోన్ పెట్టేసి నేను గూడ అమ్మకు చెయ్యలె. చేసి ఏమని చెప్పాలె? సీదా బస్టాండుకు పోయి నాగర్‌కర్నూల్ బస్సెక్కిన. ఆడికెళ్లి అచ్చంపేట, అచ్చంపేట నుంచి ఆటో. దారి పొడుగూత ఆయన గురించే మతికొచ్చింది. దినాలైనంక ఇది రాసి అమ్మకు చదివి ఇనిపిచ్చిన. "ఉన్నదున్నట్టు ఉండనియ్. నా ముచ్చట గూడ దాయకు" అన్నది. అందుకే మీ ముందు పెడుతున్న.

కావలికార్ అంటె ఇప్పటి పిల్లలకు తెల్వకపోవచ్చు. ఊరికి తాసీల్దార్ వచ్చినా, పంచాయితీ కూసున్నా, ఇంటింటికీ పోయి మనుషుల్ని పిలుసుకొచ్చే పని ఆయనది. వాళ్లింట్ల తాతల కాలం నుంచి అదే పని. చేతుల ఒక కట్టె ఉండేది, కట్టె అడుగుకు ఇనుప పొన్ను. ఎవరింటికి పోయినా వాకిట్ల బండ మీద ఆ పొన్నుతోని రెండు సార్లు కొట్టేటోడు. ఆ తర్వాతనే పేరు పెట్టి పిలిచేటోడు. పిలిచి, ఒక అడుగు ఎనక్కి జరిగి నిలబడేటోడు, లోపలోళ్లు బయటికొచ్చేదాంక. ఎంత తొందర పనైనా ఈ వరస తప్పేటోడు కాదు. "ముందు కట్టె, ఎనుక పేరు" అనేటోడు.

ఎందుకు తాతా గట్ల అని చిన్నప్పుడు అడిగిన. "లోపల ఆడోళ్లు ఎట్లుంటరో ఏమో బిడ్డా. తల దువ్వుకుంటుండొచ్చు, పిల్లకు పాలిస్తుండొచ్చు, మొగునితోని కొట్లాడుతుండొచ్చు. మగోడొచ్చిండని ముందు ఎరుక గావాలె గద. సప్పుడు లేకుండ ఒక్కసారే పేరు పెట్టి పిలుస్తె మనిషి గుండె గుబుక్కుమంటది" అన్నడు. నాకు అప్పుడు నవ్వొచ్చింది. మా అమ్మా నాయినా కొట్లాడుకుంటుండంగ ఆ కట్టె సప్పుడు ఇనపడంగనే ఇద్దరూ నోళ్లు మూసుకునుడు నేను చాన సార్లు చూసిన.

ఊరు ఊరంత ఆయనకు చుట్టాలే. ఏ కులమోళ్లైనా, ఏ గల్లీవోళ్లైనా, అందరికీ ఒక వరస ఉండె. మా నాయిన ఆయన్ని కాక అనేటోడు. ఆయన మా నాయినను "నర్సింలు కొడకా" అనేటోడు. అమ్మకు మామ, నాకు తాత. కొత్తగ ఊరికొచ్చిన అల్లుండ్లకు, కోడండ్లకు ఎవరిని ఏమని పిలువాల్నో ఆయననే అడిగేటోళ్లు. పనిమీదొచ్చిన సార్లంటె మాత్రం ఆయనకు పెద్ద భయం లేకుండె. మీటింగుకు రమ్మని పిలిచి, ఆ పిలుపు కిందనే మెల్లగ ఇంకో మాట చెప్పేటోడు. "ఈ సారు మాట్లాడుడు మొదలువెడితె ఆపడు. తిని రాండ్రి." ఆయన మాట ఇని తిన్నోళ్లు బతికిండ్రు, తినకుండ పోయినోళ్లు ఆవులించుకుంట ఇంటికొచ్చిండ్రు.

ఎండాకాలం మా ఇంటి ముందర నుంచి పోతె మా అమ్మ పిలిచి మజ్జిగ ఇచ్చేది. లోటాను నోటికి ఆనియ్యకుండ పైకెత్తి పోసుకొని తాగేటోడు. సగం మీసాల మీద, సగం అంగీ మీద. "ముట్టిచ్చుకొని తాగు మామా, మజ్జిగంత అంగీకే తాపుతున్నవ్" అని అమ్మ కోపం చేసేది. "అంగీకి గూడ దూప గావచ్చు గద కోడలా" అనేటోడు. ఈ ముచ్చట ఎన్ని సార్లు జరిగిందో లెక్కలేదు. ఎన్నిసార్లు జరిగినా ఇద్దరూ అప్పుడే కొత్తగ అనుకున్నట్టు నవ్వేటోళ్లు. ఇంతగనం ఎందుకు చెప్తున్ననంటె, ఆ నవ్వులు ఎట్ల ఆగిపోయినయో చెప్పాలె గనక.

ఆ ఏండ్లల్ల మా దిక్కు పగటీలి పోలీసులు, పొద్దూకితె తుపాకులు పట్టిన అడివిలోళ్లు, అన్నలు. అన్నలకు అన్నం పెడితె పోలీసులు కొడుతుండ్రి, పెట్టకపోతె అన్నలు. ఎవరి ముందర ఏం మాట్లాడాల్నో తెల్వక ఊరంత తలకాయలు వంచుకొని బతికింది. అట్లాంటప్పుడు మా నాయిన ఎడ్లు పోయినయి. పెబ్బేరు సంతల కొన్న జత, కొమ్ములకు రంగు గూడ ఆరలె. ఎవరో కొట్టం లోనుంచే తోలుకపోయిండ్రు. నాయిన ఆ ఎడ్ల కోసం అచ్చంపేటల స్టేషన్ చుట్టు తిరిగిండు. తిరిగి తిరిగి ఎడ్లు దొరకలె. కాని స్టేషన్ కాడ మాటిమాటికి కనిపించే మనిషి అడివిలోళ్లకు ఇంకో తీరుగ కనిపించిండు. నర్సింలు పోలీసులకు ఖబర్లు మోస్తుండని ఎవరో చెప్పిండ్రట.

నేను అచ్చంపేటల హాస్టల్ల ఉండి ఇంటర్ చదువుతున్న. అందుకని ఆ దినం నేను చూడలె. గొడ్లు ఇంటికొచ్చే యాళ్లకు అడివిలోళ్లు కావలికార్ తాత ఇంటికి పోయిండ్రు. తాత పెండ్లాం, మా అవ్వ, జరంతోని మంచంల పడి ఉంది. ఒకడు అవ్వ తలకు తుపాకి ఆనిచ్చి నిలబడ్డడట. "పోయి నర్సింలును బయటికి పిలువు. నువ్వు పిలుస్తెనే వస్తడు" అన్నరట తాతతోని. ఇద్దరు ఆయన ఎంబడి నడిచి, మా గల్లీ మలుపుల గోడ సాటుకు ఆగిండ్రు. తాత మా వాకిట్లకొచ్చి నాయినను పిలిచిండు. నాయిన రొట్టె తింటున్నోడు చెయ్యి కడుక్కొని బయటికొచ్చిండు. గల్లీ మలుపు దాంక గూడ పోలె. ఇంతకంటె ఎక్కువ నేను రాయలేను.

పోలీసులకు అడివిలోళ్లు దొరకలె. దొరికింది తాత. పిలిచినోడు ఆయననే అని గల్లీ అంత చూసింది. ఆయన గూడ కాదనలె. వాళ్లతోని కలిసి చంపిచ్చిండని కేసు పెట్టి జైల్ల ఏసిండ్రు. నాకు ఆయన మీద ఎట్లాంటి కోపముండెనో చెప్త, దాచేదేముంది. ఉరి పడాలె అనుకున్న. ఆయన గొంతు ఇనే మా నాయిన బయటికొచ్చిండు. వేరే ఎవడు పిలిచినా ఆ దినాలల్ల ఎవరూ తలుపు తియ్యకపోతుండ్రి.

తాత తరపున నాగర్‌కర్నూల్ల ఒక పెద్ద వకీలు నిలబడ్డడు. జైల్ల తాతకూ ఆయనకూ నడిచిన కొట్లాట, నేను వకీలునైనంక ఆయనే చెప్పిండు. చెప్పుకుంట నవ్విండు, నడుమ నడుమ ఇంకా కోపం గూడ చేసిండు. మన శిక్షాస్మృతిల తొంభై నాలుగో సెక్షన్ అని ఒకటుంది. ప్రాణం తీస్తమని బెదిరించి ఎవరన్న ఒక మనిషితోని బలవంతంగ నేరం చేపిస్తె, చేసినోనిది నేరం కాదు. ఇనెటందుకు ధర్మంగనే ఉంటది. కాని షరతులున్నయి. ఆ భయం అప్పటికప్పుడు సచ్చిపోత అన్నంత భయం గావాలె. ఆ సావు చేసినోని నెత్తి మీదనే ఉండాలె. హత్యకైతె ఆ మాఫీ లేనే లేదు.

చంపింది తాత కాదు, పిలిచింది మాత్రమే, కాబట్టి హత్య అన్న షరతును ఎట్లనో దాటొచ్చని వకీలు లెక్కేసిండు. "తుపాకి నీ ఈపుకు ఆనిచ్చిండ్రని జడ్జి ముందర చెప్పు. అంతే చాలు" అన్నడు.

"నా ఈపుకు ఆనియ్యలె సారూ. మా ముసల్దాని తలకు ఆనిచ్చిండ్రు."

"అట్ల చెప్తె చట్టం ఒప్పుకోదయ్యా. నీ ప్రాణం మీదికొస్తెనే మాఫీ. నీ పెండ్లాం ప్రాణం మీదికొస్తె కాదు."

"ఒప్పుకోకుంటె మానె. సచ్చిపోయినోడు నాకు కొడుకు వరస సారూ. వాని సావు మీద అబద్ధం ఆడాల్నా?"

వకీలు తల కొట్టుకున్నడట. "నా సర్వీసుల అబద్ధం చెప్పొద్దని చెప్పీ చెప్పీ అలిసిపోయిన. నిజం చెప్పొద్దని బతిమిలాడుకున్నది ఆ ఒక్కనినే" అని నాతోని అన్నడు. తాత జడ్జి ముందర ఉన్నదున్నట్టే చెప్పిండు. తొంభై నాలుగు ఆ దినమే మూలకు పడ్డది.

ఇగ కేసంత మా అమ్మ సాక్ష్యం మీద నిలబడ్డది. నాయిన ఎట్ల బయటికి పోయిండో చూసింది అమ్మ ఒక్కతే. నేను కోర్టు హాల్ల ఎనుక బెంచీ మీద కూసున్న. అమ్మ బోనెక్కింది. తెల్లచీర కొంగు భుజం చుట్టు తిప్పుకొని, ఎవరి దిక్కూ చూడకుండ నిలబడ్డది. తాత ఎదురు బోన్ల తల దించుకొని ఉన్నడు. సర్కారీ వకీలు అడిగిండు. "పిలిచింది ఈయననేనా? గొంతు ఎట్లుండె?"

"ఈయననే. ఎప్పటి లెక్కనే ఉండె సారూ" అన్నది అమ్మ.

తాత తలెత్తి అమ్మను చూసిండు. ఆ చూపు నాకు అప్పుడు సమజ్ కాలె. దొరికిపోయిన దొంగ చూపు అనుకున్న. తర్వాత తాత వకీలు లేచిండు. ఆయనకు ఎవరు చెప్పిండ్రో, ఊరి పద్ధతి తెల్సుకొనే వచ్చిండు.

"అమ్మా, ఈ కావలికార్ ఎవరింటికి పోయినా ముందుగాల కట్టె బండ మీద కొడ్తడట గద?"

"అవును సారూ."

"ఆ దినం కొట్టిండా?"

అమ్మ "కొట్టలె" అన్నది.

"కొట్టలేదని నీకు అప్పుడే తెల్సిందా, తర్వాత యాదికొచ్చిందా?"

"అప్పుడే తెల్సింది. కట్టె మరిచొచ్చిండేమో అనుకున్న. మా ఆయన రొట్టె తిన్నంక పోత అన్నడు. నేనే, పాపం ముసలోడు నిలబడ్డడు, పోయి చూసిరాపో అన్న."

నాకు ఆ మాట అప్పుడే ఎరుకైంది. నాయిన పోయిన దినం కాడికెళ్లి మా అమ్మ ఆ మాట ఒక్కతే మోసుకుంట ఉంది. నాతోని గూడ చెప్పలె. కడుపుల దాసుకున్నదాన్ని అందరి ముందర, నల్లకోట్ల నడుమ, చెప్పరాని యాళ్ల చెప్పింది. అట్ల చెప్పుడే తాతను బయటేసింది. జిందగీల ఎన్నడూ తప్పని పద్ధతి ఆ ఒక్క దినమే తప్పిండంటె, లోపలోళ్లకు అనుమానం రావాలనే గావచ్చు, చంపిచ్చే ఉద్దేశం ఉందని చెప్పలేం అన్నడు తాత వకీలు. కావాలనే కొట్టలేదా అని జడ్జి తాతనే అడిగిండు. "యాదికి లేదు సారూ" అన్నడు తాత. తనను బయటేసే అవును అన్న మాట గూడ అనలె. జడ్జి ఆ అనుమానాన్ని ఆయనకే ఇచ్చి ఇడిసిపెట్టిండు.

ఇడిసిపెట్టినంక కోర్టు మెట్ల కాడ తాత అమ్మకు ఎదురొచ్చిండు. చేతులు జోడిచ్చి, "కోడలా, ఒక్క ముచ్చట అడుగుత" అన్నడు. అమ్మ ఆగలె. నా చెయ్యి పట్టుకొని గుంజుకొచ్చింది.

ఆ తర్వాత కావలికార్ పని కొడుకుకు అప్పజెప్పిండు. కట్టెను సూరుల చెక్కిండు, మళ్ల తియ్యలె. ఊర్ల ఎవరింటికి పోయినా పేరు పెట్టి పిలుసుడు బంద్ చేసిండు. వాకిట్ల నిలబడేటోడు. ఎవరన్న చూసి ఏంది కాకా అంటె చెప్పేటోడు, చూడకపోతె వాపస్ పోయేటోడు. కోడిపిల్లలు ఆయన కాళ్ల సందుల తిరుగుతుండేవి, ఇంట్లోళ్లకు మనిషొచ్చిన సంగతే తెలుస్తలేకుండె. పిల్లలు నవ్వేటోళ్లు. మా ఇంటి ముందర గూడ అప్పుడప్పుడు నిలబడేటోడు. అమ్మ చూసేది. చూసి పెరటి దిక్కు పోయేది. మజ్జిగ లోటా అట్లనే ఉట్టి కింద ఉండేది.

నేను వకీలు చదువు చదువుడు ఎందుకని ఊర్ల అందరూ అడిగిండ్రు. నాయినను చంపినోళ్ల మీద పగకే చదివిందన్నరు. కొంత నిజమే. కాని ఆ దినం కోర్టుల అమ్మను చూసినంక, ఆ బోన్ల నిలబడే మనుషులకు దగ్గర ఉండాలనిపిచ్చింది. ఆ బోన్ల అమ్మా ఉండె, తాతా ఉండె.

చదువైపోయి వనపర్తిల నల్లకోటు ఏసుకున్న కొత్తల్ల ఒక దినం తాత బార్ రూం వరండల కనిపిచ్చిండు. ఎవరినీ పిలువలె, ఏ గుమస్తానూ అడుగలె. గోడకు ఆనుకొని నిలబడ్డడు. ఎంతసేపైందో ఏమో. రుమాలు మాసిపోయింది, గడ్డం తెల్లగైంది. నాకు ఏం చెయ్యాల్నో తోచలె. చాయ్ చెప్పిన. సాసర్ల పోసుకొని ఊదుకుంట తాగిండు. తాగి, "ఆ సెక్షన్ ఏందో ఒకసారి తెలుగుల చదివి ఇనిపియ్ బిడ్డా" అన్నడు.

చదివిన. ఆపి ఆపి చదివిన. "ఆ మనిషికి అప్పటికప్పుడే సావు" అన్నకాడ చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఆ మనిషి అంటె ఎవరు? నేనేనా?"

"నువ్వే తాతా."

"ముసల్ది కాదా?"

"కాదు."

"గిది రాసినోనికి పెండ్లి గానట్లుంది" అన్నడు. నాకు నవ్వొచ్చింది, ఆయన గూడ నవ్విండు. నాయిన పోయినంక ఆయన ముందర నేను నవ్వుడు అదే మొదటిసారి. నవ్వినందుకు ఇద్దరం సిగ్గుపడ్డం. అప్పుడు అసలు ముచ్చట తీసిండు.

"చట్టం ఇడిసిపెట్టింది బిడ్డా. నేను గాదు. ఆ కట్టె కావాలని ఇడిసిపోయిన్నా, భయానికి మరిచిన్నా, ఎంత ఆలోచన చేసినా యాదికొస్తలేదు. కావాలనే ఇడిసిన అని ఒక్కసారి యాదికొస్తె జర నిద్ర పడ్తది. నేను దగ్గితె నర్సింలుకు అనుమానమొస్తుండె. కాలు జారినట్టు కింద పడ్డా అనుమానమొస్తుండె. ఏదీ చెయ్యలె. కట్టె ముచ్చట వకీలు సారు చెప్పుకున్నడు. నాకు కావాల్సింది ఇంకొకటి. మీ అమ్మ కోర్టుల అన్నది, నా గొంతు ఎప్పటి లెక్కనే ఉండెనని. ముసల్దాని తలకు తుపాకి పెట్టిండ్రు, నర్సింలును సంపుతరని నాకు ఎరుక. ఎరుకైనంక గూడ నా గొంతు ఎప్పటి లెక్కనే పలికిందంటె నేనేం మనిషిని బిడ్డా? జరంతన్న వణికిందా? నువ్వొక్కసారి అమ్మను అడుగు. ఇన్నోళ్లు ఇద్దరే. ఒకడు చెప్పనీకె లేడు."

అడుగుత అన్న. అడిగిన గూడ. పండుగకు ఇంటికి పోయినప్పుడు, అమ్మ బియ్యం చెరుగుతుంటె పక్కన కూసొని అడిగిన. అమ్మ చాట ఆపలె. "కోర్టుల చెప్పిన గద" అన్నది. మళ్ల అడిగిన. "ఆయనకు నిద్ర పడాలని నేను చెప్పాల్నా? నాకు నిద్ర పడుతుందా అని ఎవడన్న అడిగిండా?" అన్నది. బియ్యం అయిపోయినా ఒట్టి చాట చెరుగుతనే ఉంది. నేను తాతకు ఏం చెప్పలె. ఊర్ల కనపడ్డప్పుడల్ల ఆయన నా మొహం చూసేటోడు. నేను తల తిప్పుకునేదాన్ని. చెప్పనీకె ఏం లేదని చెప్పనీకె గూడ నాకు నోరు రాలె.

ఈ ఏడు చలికాలం తాత మంచం పట్టిండు. నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకపోయి, లాభం లేదంటె ఇంటికి తెచ్చుకున్నరు. చిన్నాయిన నాకు ఫోన్ చేసి, "నాయిన వదినెను ఒక్కసారి చూడాలంటుండు" అన్నడు. నేను అమ్మకు చెప్పిన. "పల్లికాయ పీకుతున్నం. అయిపోంగనే పోత" అన్నది అమ్మ. గల్లీ దాటనీకె పల్లికాయ అడ్డమొచ్చింది. అమ్మను అన్న నేనేం తక్కువ తిన్న? కోర్టుకు సెలవులు రాంగనే నేనే ఎంటవెట్టుకొని తీసుకపోత అనుకున్న. పల్లికాయ ఇంకా సగం చేన్లనే ఉంది, సెలవులు రాలె, ఫోన్ మాత్రం వచ్చింది.

నేను ఇల్లు చేరేసరికి అమ్మ గుమ్మంల కూసొని ఉంది. తలంటుకున్న ఎంట్రుకలు ఇంకా తడిగనే ఉన్నయి. నేను నోరు తెరువక ముందే "ఎరుకైంది. ఏడుపు ఇనపడ్డది. నువ్వు రావాలనే కూసున్న. పా" అన్నది. ఇద్దరం గల్లీ దాటినం. నాయిన పడ్డకాడ అమ్మ ఒక్క గడియ ఆగి, మళ్ల నడిచింది.

తాత ఇంటి ముందర ఊరంత ఉంది. ఆయన్ని ఇంకా బయటికి తేలె, లోపలనే పండవెట్టిండ్రు. మమ్మల్ని చూసి జనం జరిగిండ్రు. అవ్వ గడపల కూసొని ఏడుస్తుంది. అమ్మ ఆమె ముందర కూసొని, "అత్తా, మామ కట్టె ఏడుంది?" అన్నది. అవ్వ ఏడుపు ఆపి అమ్మను చూసింది. ఏమనుకున్నదో, లేచి తానే సూరులకెళ్లి కట్టె గుంజి తెచ్చింది. దుమ్ము తన కొంగుతోనే తుడిచి ఇచ్చింది. పొన్ను తుప్పు పట్టింది.

అమ్మ కట్టె తీసుకొని వాకిట్ల బండ కాడికి పోయి నిలబడ్డది. లోపలికి పోలె. రెండు సార్లు కొట్టింది. ఏడుస్తున్నోళ్లు ఆగిపోయిండ్రు. మా ఊర్ల ఆ సప్పుడు ఇని ఎన్నేండ్లో అయింది.

"మామా" అన్నది అమ్మ. గట్టిగనే పిలిచింది, లోపలి అర్రల దాంక ఇనపడేటట్టు. "నేను, నర్సింలు పెండ్లాన్ని. ఆ దినం నీ గొంతు వణికింది మామా. నేను ఇన్న. అత్తకు జరమొచ్చింది గద, నీకు గూడ అంటుకున్నదేమో, అందుకే గొంతు గట్లుంది అనుకున్న. అనుకొని ఆయన్ని పంపిన. కోర్టుల అబద్ధం ఆడిన. వణికిందంటె, ఇని ఎట్ల పంపినవే అని అందరూ అడుగుతరని భయమైంది. నీ మీద కోపం గూడ ఉండె. నీ గొంతు ఎప్పటి లెక్క లేదు. ఎప్పుడూ లేదు గట్ల."

అవ్వ నోట్ల కొంగు కుక్కుకున్నది. నేను అమ్మను పట్టుకుందామని ముందుకు పోయిన, కాని ఆమె నన్ను చూడలె. కట్టెను బండ మీద ఆనిచ్చి, పిలిచినంక ఆయన ఎట్ల చేసేటోడో అట్లనే, ఒక అడుగు ఎనక్కి జరిగింది. కండ్లు తలుపు మీదనే పెట్టుకొని, నలుగురు ఆయన్ని మోసుకొని బయటికి తెచ్చేదాంక అట్లనే నిలబడ్డది.